మా బావ దిద్దిన బొమ్మలు

మా అమ్మాయి పుస్తకం అచ్చయి వచ్చేసింది. గ్రాఫిక్ నవల అంటారట, నేను బొమ్మల నవల అంటాను. అట్ట మీద పెద్ద అక్షరాలతో మా అమ్మాయి పేరు, వెనక అట్ట మీద ఫొటో కూడా. మొన్న పొద్దున్న పలాస కాశీబుగ్గ బస్టాండులో పార్సిలు దించుకుని, ఆటో కూడా మాట్లాడకుండా భుజాన పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చాను. అరవై ఏడేళ్ళవాణ్ణి, నడుం ఇంకా సలుపుతోంది. ఆ సలుపు కూడా నాకు బాగానే ఉంది. ఈ మాట అందరికన్నా ముందు మా బావకి చెప్పాలి. చెబుదామంటే బావ లేడు. పుస్తకం రావడానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు, అక్కుపల్లిలో తన ఇంట్లో, ఆసుపత్రికి బయలుదేరడానికి చొక్కా తొడుక్కుంటూ పోయాడు. ఒక చెయ్యి చొక్కాలోకి వెళ్ళింది, రెండోది వెళ్ళలేదని మా అక్క చెప్పింది.

పదకొండు రోజులు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. మూడేళ్ళపాటు ఆ పుస్తకాన్ని ముందుకు కదలనివ్వని మనిషి, తను మాత్రం ఇంకో పదకొండు రోజులు ఆగలేకపోయాడా? పోయినవాళ్ళ మీద విసుక్కోకూడదంటారు. కానీ బతికున్నన్నాళ్ళూ నన్ను విసిగించినవాణ్ణి ఇప్పుడు హఠాత్తుగా దేవుణ్ణి చేసి రాస్తే ఆయనే నమ్మడు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నేను ఏడో తరగతితో ఆపినవాణ్ణి. రాత ఎలా ఉన్నా మనసు చూడండి.

బావ అంటే మా పెద్దక్క భర్త. సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి. ముప్పై ఏళ్ళ కిందట, మా అమ్మాయి ఇంకా పాకుతున్న రోజుల్లో, బావా మా అన్నయ్యా దుంగలు కలిపి కట్టిన ఒకే తెప్ప మీద వేటకి వెళ్ళారు. గాలి తిరిగింది. నాలుగో రోజున బావ ఒక్కడే, ఒక దుంగకి అతుక్కుని, బారువ వైపు ఒడ్డుకి తేలాడు. అన్నయ్య రాలేదు. శవం కూడా దొరకలేదు. ఏం జరిగిందని మా అమ్మ అడిగింది, మా వదిన అడిగింది, పెద్దలు నలుగురూ కూర్చోబెట్టి అడిగారు. "పోనాడు" అన్నాడు బావ. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆయన చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా, తనే ఒక కథ అల్లుకుంది. దుంగ ఇద్దరికీ చాలక బావే మా అన్నయ్యని నీళ్ళలోకి తోసేశాడని ఆ కథ. మా అమ్మ దాన్ని నమ్ముకునే పోయింది. మా వదిన అక్కుపల్లిలోనే రెండు వీధుల అవతల ఉంటూ ఇన్నేళ్ళలో బావ ముఖం చూడలేదు, మా అక్క గుమ్మం తొక్కలేదు. ఇసుకలో చేపలు ఆరబెట్టేటప్పుడు కూడా ఆమె ఒక కొస, మా అక్క ఒక కొస. నేను వేట మానేసి పలాస వచ్చి జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరిపోయాను. బావతో అన్నీ మాట్లాడేవాణ్ణి, ఆ ఒక్క సంగతి తప్ప. ఊరి కథని నేను నమ్మానో లేదో నాకే తెలియదు. తేల్చుకోవడానికి భయం.

ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే బావకీ కిడ్నీల జబ్బు వచ్చింది. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి పలాస రావాలి. తన వంతు పదింటికైతే ఏడింటికే మా ఇంట్లో దిగేవాడు. చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచేవాడు, ఎవరు లోపలికి వచ్చినా తన్నుకుని పడేలా. వచ్చి నా కుర్చీలోనే కూర్చునేవాడు. నీళ్ళూ టీలూ కొలిచి తాగమన్నాడు డాక్టరు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగేసి, నా గ్లాసులోది కూడా సగం తాగి, "అది నీది గదేటి, నా లెక్కలోకి రాదు" అనేవాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు కదా, దాని మీద వేలు పెడితే గరగరమంటుంది. ఇంటికి ఎవరొచ్చినా, పేపరువాడైనా సరే, "సెయ్యెట్టి సూడు, ఇంజను బోటు" అని పట్టి చూపించేవాడు.

మా అమ్మాయి విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివి వచ్చి ఇక్కడ ఒక బడిలో డ్రాయింగు టీచరుగా చేస్తోంది. ఇంట్లో ఉన్నంతసేపూ బొమ్మల బల్ల దగ్గరే. తన అలమరలో ఇలాంటి బొమ్మల నవలలు ముప్పై దాకా ఉన్నాయి. పెద్ద కంపెనీలు వేసినవి కావు, గీసినవాళ్ళే స్నేహితులతో కలిసి అచ్చేయించుకున్నవి. బావకి అక్షరం రాదు. రాకపోతేనేం, ఒక్కోటీ లాగి ముక్కుకి ఆనించుకుని చూసేవాడు. కళ్ళజోడు పెట్టుకోమంటే వినడు. ఒకదాంట్లో, కన్నకూతుర్నే మరిచిపోయిన తల్లికి ఆ కూతురు తల దువ్వుతుంది, పుస్తకమంతా అదే. ఇంకోదాంట్లో రేడియోలు బాగుచేసే ముసలాయన కొట్టు మూసేసే రోజు. ఒకటి ఆనకట్ట నీళ్ళలో మునిగిన ఊరి కథ, మొత్తం నల్లసిరాతో. ఒకటి హాస్టల్లో నలుగురు ఆడపిల్లలు ఒకే సబ్బు పంచుకునే కథ. అది బావకి బాగా నచ్చి, పేజీలకి చేపల వాసన అంటేదాకా చూశాడు.

"రాజులు లేరు, రాచ్చసులు లేరు. అన్నీ మామూలోల కతలేనేటే?" అని అడిగాడు ఒకరోజు.

"అవును మావా."

"మామూలోల కతలు మామూలోలకి తెలుసు కదేటి. మళ్ళీ గీయడం ఎందుకు?"

"తెలుసు గాని, ఒకలకొకలు సెప్పుకోరు మావా" అంది మా అమ్మాయి.

ఎప్పుడూ ఆఖరి మాట తనదే కావాలనే బావ, ఆ పూట పుస్తకం అలమరలో పెట్టేసి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

ఆయనతో ఇంకో తంటా. పేజీలో గడులు ఉంటాయి కదా, వాటిని అడ్డంగా చూసుకుంటూ పోవాలి. బావ అలా చూడడు. ఎడమ పక్క గడులన్నీ పైనుంచి కిందికి చూసి, తర్వాత కుడి పక్కవి చూస్తాడు. అందుకని ఆయన చూసిన కథల్లో మనుషులు ముందు ఏడ్చి తర్వాత ఉత్తరం విప్పేవాళ్ళు, ముందు బస్సు దిగి తర్వాత ఎక్కేవాళ్ళు. "ఈడికి మతి లేదేటి?" అని పుస్తకంలో వాళ్ళని తిట్టేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆఖరికి మా అమ్మాయే ఓడిపోయి, తన పుస్తకంలో పేజీకి మూడే బొమ్మలు పెట్టింది, పేజీ ఎంత వెడల్పో బొమ్మ అంత వెడల్పు, ఒకదాని కింద ఒకటి. మాటలు దాదాపు తీసేసింది. ఇప్పుడు విశాఖపట్నంలో అచ్చాఫీసులో చూసినవాళ్ళు ఆ పేజీల తీరు ఎంతో కొత్తగా ఉందని మెచ్చుకుంటున్నారట. అది ఎవరి మొండితనం వల్ల వచ్చిందో వాళ్ళకేం తెలుసు.

నీ పుస్తకం దేని గురించమ్మా అని నేను అడిగినప్పుడు, "పెదనాన్న కథ" అంది. అంటే తెప్ప మీద పోయిన మా అన్నయ్య కథ. వద్దన్నాను. వినలేదు. బావనే సూటిగా అడిగింది, "ఏటి జరిగినాది మావా?" అని. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. సరే, ఊహించుకునే గీస్తానని మొదలుపెట్టింది. మొదటి పేజీలో ఒడ్డు మీద తెప్ప, దాని పక్కన ఇద్దరు మగవాళ్ళు. అబ్బో, ఎంత బాగా గీసిందో. నేను ఆనందం పట్టలేక వీధిలో నలుగురికి చూపించి వచ్చాను.

మర్నాడు బావ వచ్చి చూశాడు.

"ఇదేటే?"

"తెప్ప మావా."

"తెప్పని తెలుత్తంది. ఒడ్డుకొచ్చినాక కట్టు ఇప్పకుండా ఒగ్గీసినారేటి? నీరు తాగిన దుంగలు బరువెక్కిపోవేటి? ఇప్పీసి, ఏ దుంగకి ఆ దుంగ ఆరబెట్టాల. ఈ తెప్ప ఎక్కినోడు రేపే ములిగిపోతాడు." అని నావైపు తిరిగాడు. "నువ్వు సూసినావా?"

"సూసినాను బావా."

"సూసి?"

"బాగున్నాదని సెప్పినాను."

"జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నీ బుర్ర కూడా పిక్కైపోనాది బామ్మర్దీ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇసుకలో పుట్టి పెరిగినవాణ్ణి. ఒడ్డున కట్టు విప్పని తెప్పని నా జన్మలో చూడలేదు. పలాసలో పెరిగిన పిల్ల గీసిందంటే సరే, నా కంటికి ఎందుకు ఆనలేదు?

అక్కడి నుంచి మొదలైంది నా గ్రహచారం. వారానికి మూడు రోజులు, రోజుకో తప్పు. సముద్రం నీలంగా ఉంటుందని ఎవరు చెప్పారు, మబ్బు పట్టినప్పుడు గంజి రంగు. వల ఎడమ వైపు కాదు. ముందు కూర్చునేది బావ కాదు, మా అన్నయ్య. ఆయన పాటలు పాడతాడు, వెనక ఉంటే గాలికి వినపడవని ముందు కూర్చునేవాడు. అన్నం గిన్నె గుండ్రంగా గీస్తే, "ఆ గిన్నికి సొట్ట ఉంటాది. మీ పెదనాన్న ఎండ్రకాయని కొట్టబోయి గిన్నిని కొట్టినాడు" అన్నాడు. గీసిందే గీయడం, చింపిందే చింపడం. నేను సంక్రాంతికి వచ్చేస్తుందని వీధిలో చెప్పాను, రాలేదు. దసరాకి అన్నాను, రాలేదు. టీ కొట్టు దగ్గర కుర్రకారు, "ఏటి మావా, పుస్తకం ఇంకా ఉడుకుతున్నాదేటి?" అని అడిగేవారు. ఒకరోజు ఉండబట్టలేక బావ ముఖం మీదే అన్నాను.

"నీ తప్పులు అయిపోయేసరికి నాను పోతాను బావా."

"పో. తప్పు పుస్తకం సూసి పోవడం కన్నా సూడకుండా పోవడం మేలు" అన్నాడు, నా టీ తాగుతూ.

ఆయన వెళ్ళాక మా అమ్మాయి మీద పడ్డాను. ఎన్నాళ్ళిలా, నీకు రోషం లేదా అని. అది నవ్వింది. "నాన్నా, మావ ఈ నెలలో పెదనాన్న గురించి ఎన్ని మాటలు సెప్పినాడో సూసినావా? పాటలు, గిన్ని, ఎండ్రకాయ. అడిగితే సెప్పడు. తప్పు గీత్తే సెప్తాడు."

నిజమే. ముప్పై ఏళ్ళలో మా అన్నయ్య గురించి బావ నోటివెంట వచ్చిన మొదటి మాటలు ఆ పాటలు, ఆ సొట్ట గిన్నె. నేను తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చుని అవి వినలేదు.

ఆ తర్వాత అది కావాలనే తప్పులు గీయడం మొదలుపెట్టింది. ఒక పక్క కావాలని తప్పులు గీసే కూతురు, ఇంకో పక్క వాటిని పట్టుకుని మురిసిపోయే బావ. మధ్యలో వీధికి జవాబు చెప్పుకునే నేను.

ఒక్క పేజీ మాత్రం అది కావాలని తప్పు గీసింది కాదు. తను నమ్మి గీసింది. తెప్ప విడిపోయింది, ఇద్దరూ ఒక్క దుంగ మీద ఉన్నారు, అల వచ్చి మా అన్నయ్యని లాక్కుపోతోంది. బావ చెయ్యి చాపి ఆయన్ని అందుకోబోతున్నాడు. ఆ చెయ్యి అంత పొడుగున, వేళ్ళు విడిపోయి, పేజీ అంతా అదే. నేను చూసి ఏడ్చేశాను. బావ మీద ఊరు వేసిన నింద ఆ ఒక్క బొమ్మతో కొట్టుకుపోతుందనుకున్నాను.

బావ చాలాసేపు చూశాడు. ముక్కుకి ఆనించుకోలేదు, దూరంగానే పట్టుకున్నాడు.

"ఈ సెయ్యి తీసీ" అన్నాడు.

"ఎందుకు మావా?"

"నాను సెయ్యి సాపలేదు."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"నిద్దరోయినాను" అన్నాడు బావ. "రెండు రోజులు కన్ను మూయలేదు ఇద్దరం. వంతులేసుకున్నాం, ఒకడు పడుకుంటే ఒకడు కాపు. ముందు నా వంతు. మీ పెదనాన్న తన తువ్వాలు తీసి నన్ను దుంగకి కట్టీసినాడు, జారిపోకుండా. పడుకోరా, నీ వంతు అయిపోతే లేపుతానన్నాడు. కళ్ళు ఇప్పేసరికి పొద్దెక్కిపోనాది. తువ్వాలు ముడి అలగే ఉన్నాది. ఆడు లేడు. వంతు అయిపోయినా లేపలేదు నన్ను."

ఏమనాలో తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది. "ఈ ఒక్క ముక్కకి ముప్పై ఏళ్ళేటి బావా? మా అమ్మ నిన్ను తిట్టుకుంటూ పోనాది. అప్పుడే సెప్పీలేకపోనావా?"

"ఏటని సెప్పాల? కొడుకు పోయిన తల్లి దగ్గరికెళ్ళి, నీ కొడుకు ములిగిపోతంటే నాను నిద్దరోయినానమ్మా అని సెప్పాలేటి? తోసీసినానని అనుకున్నారు. అనుకోనీ అన్నాను. అదే నయం."

పాఠకులారా, మీరే చెప్పండి, ఇలాంటి మనిషితో ఎలా వేగాలి? తనని మంచివాణ్ణి చేసే బొమ్మ ఎదురుగా ఉంది. ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు, ఊరంతా ఆయనకి దండం పెట్టేది. ఆయన దాన్ని కూడా ఒడ్డున కట్టు విప్పని తెప్పలాగే చూశాడు. తప్పంటే తప్పే. నా అన్నయ్య చావు గురించి నాకు నిజం చెప్పిన మనిషి, నా నెత్తి మీంచి అంత బరువు దించిన మనిషి, ఆ రోజు కూడా చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచే కూర్చున్నాడు.

మా అమ్మాయి ఆయన ఎదురుగానే చెయ్యి చెరిపేసింది. కళ్ళు మూసుకున్న బావని గీసింది, నడుముకి తువ్వాలు ముడి. "అచ్చెయ్యమంటావా మావా?" అని అడిగింది. లేచి వెళ్ళిపోయాడు. మూడు వారాలు మా గడప తొక్కలేదు. నేరుగా ఆసుపత్రికి వచ్చి నేరుగా వెళ్ళిపోతున్నాడని తెలిసింది. నేను వార్డుకి వెళ్తే, చేతికి గొట్టాలున్న మనిషి, కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. నర్సు నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

నాలుగో వారం మళ్ళీ ఏడింటికే దిగాడు. నా టీ తాగాడు.

"అచ్చెయ్యమను" అన్నాడు. "అయితే ముందు కాపీ మీ వదినకి ఇయ్యాల. ఆవిడ సూసేదాకా ఎవులికీ సెప్పకూడదు, మీ అక్కకి కూడా. నాను ముఖం సూపించలేను. నువ్వు అట్టుకెళ్ళు. నోరు మాత్తరం ఇప్పకు. నువ్వు ఒక ముక్కకి పది అతికిత్తావు. బొమ్మ సూడనియ్యి."

అదే ఆఖరి ముచ్చట కాదు, ఆ తర్వాత కూడా రెండు నెలలు ఉన్నాడు, అట్ట రంగు మీద పదిసార్లు పోట్లాడాడు. కానీ నాకు చెవిలో మిగిలింది అదే.

ఆయన పోయిన రోజు వదిన రాలేదు. పార్సిలు వచ్చిన మర్నాడు నేను అక్కుపల్లి వెళ్ళాను. వదిన ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తోంది. చీరకి చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసుకుంది.

"ఏటిది?"

"పిల్ల గీసిన పుస్తకం వదినా. నీకే ముందు ఇమ్మన్నాడు."

"ఎవులు?"

"బావ."

పుస్తకం నా చేతిలో తిరిగి పెట్టేయబోయింది. ఇంతలో అట్ట మీద తెప్ప ముందు కూర్చుని పాడుతున్న మా అన్నయ్య కనిపించాడు. ఇసుకలోనే కూర్చుంది. ఒక్కో పేజీ తిప్పింది. నేను నోరు కట్టేసుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది లేదు. ఒకచోట పేజీ తిప్పడం ఆగిపోయింది.

"నిద్దరోయినాడేటి ఇతను?"

"అవును వదినా."

"మీ అన్న లేపలేదేటి?"

"వంతు అయిపోయినా లేపలేదట."

వదిన ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టింది. "లేపడు" అంది. "నాకు ఒంట్లో బాగోలేనప్పుడు తనే పొయ్యి ముట్టించుకుని, గంజి కాసుకుని, తలుపు సప్పుడు కాకుండా దగ్గరికేసి ఎల్లిపోయేవోడు వేటకి. పడుకున్న మనిసిని లేపడం ఈయనకి సేతకాదు."

అని లేచి, నా ముఖం చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"రావివలసలో మా సెల్లికి సెప్పు. టెక్కలిలో మీ పిన్నికి సెప్పు, సెవులు ఇనిపించవు, బొమ్మ సూపించు. నిమ్మాడలో మీ మేనత్త కొడుక్కి సెప్పు, తోసీసినాడన్న మాట ముందు ఆడి నోటంటే వచ్చినాది. భావనపాడులో మా అన్నకి సెప్పు, సుట్టాల పెళ్ళిలో ఇతను పక్కన కూకున్నాడని ఇస్తరి ముందు నుంచి లెగిసిపోనాడు. బారువలో మీ సిన్నక్కకి సెప్పు. మా పెద్దోడికి ఫోన్ సేసి సెప్పు, సిన్నోడికి నాను సెప్తాను. మీ అక్కకి నువ్వు సెప్పకు. నాను ఎల్తాను."

ఆ పేజీ మూసుకుపోకుండా మధ్యలో వేలు పెట్టుకుని, ఆరబెట్టిన చేపల వరసల మధ్య నుంచి మా అక్క ఇంటివైపు నడిచింది.